‘ఇవాళ వద్దు’ అనే హిమ్మత్

ఉర్దూ మీడియం బడిలో చదివిన నాకు ‘మౌసం’ అన్న మాట ముందు తెలుసు. ‘వాతావరణం’ డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు వచ్చి చేరింది. రెండూ ఒకటే అనుకుంటాం గానీ, నా మటుకు నాకు వాటి మధ్య ఫరక్ ఉంది. వాతావరణం అంటే మన చుట్టూ కప్పుకుని ఉన్న గాలి. అందులో మనిషి ప్రమేయం లేదు. మౌసంలో మనిషి ఉన్నాడు. అరబ్బీలో ‘మౌసిమ్’ అంటే ఒక పనికి తగిన నియమిత కాలం. హిందూ మహాసముద్రం మీద తిజారత్ చేసిన అరబ్ నావికులకు అది ఓడ తీయదగ్గ కాలం. ఆ మాటే పోర్చుగీసు వాళ్ల నోటపడి, ఇంగ్లీషులో ‘మాన్సూన్’ అయి, మళ్లీ మన టీవీ వార్తల్లోకే వచ్చింది. పదిహేనో శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ తన ‘కితాబుల్ ఫవాయిద్’లో ఏ రేవు నుంచి ఏ రోజుల్లో బయలుదేరాలో లెక్కలు రాసిపెట్టాడు. మౌసం దాటిపోతే ఓడ నెలల తరబడి రేవులోనే ఉండేది. ఆ వ్యాపారంలో ఇంతెజార్ కూడా ఒక పనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య మన ఇళ్లల్లో కూడా విమానాల మాట ఎక్కువైంది. ఎక్కి దుబాయి, జెద్దా వెళ్లే విమానాల సంగతి కాదు. మనవాళ్లే నడిపే చిన్న విమానాల సంగతి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరి మైక్రోలైట్ ఎక్కిన అమ్మాయిలు ఉన్నారు. లక్షలు కట్టి అమెరికాలో ఫ్లయింగ్ స్కూల్‌లో చేరిన అబ్బాయిలు ఉన్నారు. సెలవులకు బీచ్‌కి వెళ్లి పారామోటార్ ఎక్కి ఫోటోలు పెట్టే కుటుంబాలైతే లెక్కలేనన్ని. పిల్లల ఉత్సాహం చూసి నాకూ ఖుషీగానే ఉంటుంది. అయితే ఈ చిన్న విమానాల విషయంలో పెద్దవాళ్లం ఒక సంగతి తెలుసుకోవాలి. ఎగరాలా వద్దా అనే ఫైసలా పైలట్ ఒక్కడే చేస్తాడని మనం అనుకుంటాం. నా ఉద్దేశంలో అందులో మన వాటా కూడా ఉంది. కింద నిలబడి ఎదురుచూసే వాళ్లది, ఫీజు కట్టిన వాళ్లది, ఫోన్ చేసి ‘ఎప్పుడొస్తున్నావ్?’ అని అడిగే వాళ్లది కూడా.

ముందు ఆ విమానం ఎంతటిదో చూద్దాం. అమెరికాలో 2004లో లైట్ స్పోర్ట్ విమానాలకు నియమాలు పెట్టినప్పుడు రెండు సీట్లు, నేల మీద దిగే రకానికి గరిష్ఠంగా 600 కిలోల బరువు అన్నారు. 2025లో ఆ నిర్వచనాన్ని బాగా వెడల్పు చేశారు గానీ, ఇక్కడ నేను మాట్లాడేది ఆ తేలిక రకాల గురించే. మనుషులు, పెట్రోలు, అన్నీ కలిపి 600 కిలోలు. మన మారుతీ ఆల్టో ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇంతకన్నా బరువు. ఇది 40 నాట్ల దగ్గర, అంటే గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగం దగ్గర, రెక్కల మీద పట్టు కోల్పోతుంది. పెద్ద విమానం 130, 140 నాట్లతో దిగుతుంది. 15 నాట్ల గాలి దెబ్బ వస్తే దానికి అది పదో వంతు. ఈ చిన్నదానికి మూడో వంతు పైమాటే. అదే గాలి ఒకరికి కుదుపు, ఇంకొకరికి ఖతరా.

తెలుగులో ‘హవా’ అంటే పెత్తనం. ఎన్నికలప్పుడు ‘ఫలానా పార్టీ హవా’ అని హెడ్డింగులు నేనే ఎన్నో పెట్టాను. చిన్న విమానం దగ్గర ఆ మాట రెండు అర్థాల్లోనూ నిజం. అక్కడ హవాదే హవా.

మరి ఆ హవాను ఎలా చదువుతారు? పైలట్లు చూసేవి ముఖ్యంగా ఐదు. పెద్దలకు కూడా ఇవి తెలిసి ఉంటే మంచిది. తెలిస్తే పిల్లల మాట అర్థమవుతుంది.

మొదటిది గాలి దిశ, వేగం. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి వైపు ముక్కుపెట్టి దిగితే దిశ 270 డిగ్రీలు. గాలి 210 డిగ్రీల నుంచి 12 నాట్లతో వీస్తోందనుకోండి. తేడా 60 డిగ్రీలు. పైలట్లకు దీనికి గడియారం లెక్క ఒకటి ఉంది. తేడా 15 డిగ్రీలైతే గాలిలో పావు వంతు పక్క నుంచి తోస్తుంది, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం పక్కగాలే అనుకో అని. కాబట్టి ఇక్కడ 12 నాట్లూ పక్క నుంచే అని లెక్క. ఈ విమానం, ఈ పైలట్ ఎంత పక్కగాలికి తట్టుకుంటారో ముందే తెలిసి ఉండాలి. సగటు వేగం ఒక్కటే చూస్తే చాలదు, మధ్యమధ్యలో వచ్చే ఝోంకాల వేగం కూడా చూడాలి.

రెండోది నిగాహ్ ఎంత దూరం ఆనుతోంది అన్నది. కళ్లతో చూసి ఎగరడానికి మన దేశంలో మామూలుగా 5 కిలోమీటర్ల చూపు ఉండాలంటారు. అమెరికాలో స్పోర్ట్ పైలట్‌కు 3 మైళ్లు. వినడానికి చాలా దూరం లాగా ఉంటుంది. కానీ 100 నాట్ల వేగంతో పోయే విమానం నిమిషానికి 3 కిలోమీటర్లు దాటుతుంది. అంటే మీకు కనిపించే ప్రపంచం మొత్తం ఒకటిన్నర నిమిషం. చట్టం ఒప్పుకున్నదల్లా అకల్ ఒప్పుకోవాలని లేదు.

మూడోది బాదల్. వేడికీ డ్యూ పాయింట్‌కూ మధ్య తేడా చూస్తే మబ్బు ఎంత ఎత్తులో ఉంటుందో అందాజాగా తెలుస్తుంది. డ్యూ పాయింట్ అంటే గాలి ఎంతకు చల్లబడితే అందులోని తేమ మంచుగా, పొగమంచుగా మారుతుందో ఆ డిగ్రీ. డిగ్రీకి 400 అడుగుల చొప్పున లెక్క. వేడి 32, డ్యూ పాయింట్ 22 అయితే మబ్బు సుమారు 4,000 అడుగుల మీద మొదలవుతుంది. తేడా రెండు మూడు డిగ్రీలకు తగ్గిందంటే కోహ్రా, అంటే పొగమంచు, గుమ్మంలో ఉన్నట్టే. శీతాకాలం తెల్లవారుజామున మన పొలాల మీద, చెరువుల మీద చూసేది ఇదే.

నాలుగోది ఎండ. దీని సంగతి చాలామందికి తట్టదు. ఆకాశం నీలంగా ఉంది, మబ్బు లేదు, ఇంకేం కావాలి అంటారు. బేగంపేట సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, విమానం ఇంజనుకు, రెక్కలకు అది 5,000 అడుగులు దాటిన ఎత్తులా అనిపిస్తుంది. హైదరాబాదులో నిలబడి ఉన్నా విమానం మటుకు హార్స్‌లీ హిల్స్ కంటే పైన ఉన్నట్టు లెక్క. రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కడం నెమ్మదిస్తుంది. పొద్దున ఆరుకు ఇద్దరిని తేలిగ్గా మోసిన విమానం మధ్యాహ్నం రెండుకు అదే ఇద్దరితో ఆయాసపడుతుంది.

ఐదోది ఉరుము. ఏప్రిల్, మే నెలల్లో మన దక్కన్‌లో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, సాయంత్రానికి గుబార్ లేపుకుంటూ ఆంధీ వస్తుంది కదా, అదే. ఉరుము మబ్బు నుంచి కిందికి దూకిన చల్లగాలి నేలను తాకి నలుమూలలా పరుచుకుంటుంది. ఆ గాలి అంచు తుఫాను కంటే 20, 30 కిలోమీటర్లు ముందే మన దగ్గరికి రావచ్చు. వాన అక్కడెక్కడో పడుతోంది, ఒక్క రౌండు కొట్టి వచ్చేస్తా అనేవాడికి ఇది తెలియాలి. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి. వాటి బొమ్మలు ఫోన్‌లోనే దొరుకుతాయి. విమానాశ్రయాల నుంచి అరగంటకో గంటకో ‘మెటార్’ అనే చిట్టీ వస్తుంది. అందులో గాలి, చూపు, మబ్బు, వేడి, పీడనం అన్నీ ఉంటాయి. ఇల్మ్ కావాలంటే కొరత లేదు.

అసలు సమస్య ఇల్మ్‌ది కాదు కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను. తెలిసి కూడా వెళ్లేవాళ్లు ఉన్నారు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి నడపడంలో తర్ఫీదు లేని 20 మందిని, బయట ఏమీ కనిపించకుండా చేసి, విమానం నడపమన్నారు. పక్కన ఉస్తాద్ ఉన్నాడు కాబట్టి ప్రాణాలకు ఢోకా లేదు. 20 మందిలో ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో ఉంచుకోలేదు. సగటున 178 సెకన్లలో అదుపు తప్పింది. మూడు నిమిషాలు కూడా కాదు. మబ్బులోకి వెళ్లాక లోపలి చెవి అబద్ధం చెబుతుంది. తిరుగుతున్నా తిన్నగా ఉన్నట్టే ఉంటుంది. అక్కడ హిమ్మత్ పనిచేయదు, తజుర్బా ఉన్నా అన్నిసార్లూ పనిచేయదు.

తజుర్బా ఉన్నవాడి ఉదాహరణే చెబుతాను. 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర కాలాబాసస్ కొండల్లో హెలికాప్టర్ కూలి బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన పదమూడేళ్ల కూతురుతో సహా తొమ్మిది మంది పోయారు. పైలట్ కొత్తవాడు కాదు. పరికరాలతో నడిపే అర్హత కూడా ఉంది. అయినా కళ్లతో చూసి ఎగరాల్సిన ప్రయాణంలో మబ్బులోకి వెళ్లి దిక్కు తప్పాడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు మరుసటి ఏడాది తేల్చిన మాటల్లో నన్ను పట్టుకున్నది ఒకటుంది. కంపెనీ గానీ, బ్రయంట్ గానీ ఆ పైలట్‌ను ఒత్తిడి చేసినట్టు ఆధారం లేదు. ఒత్తిడి ఆయన తనమీద తానే పెట్టుకున్నాడు. నమ్మకంగా ఎక్కించుకునే మనిషిని నిరాశపరచకూడదు, చేరవేయాలి అనుకున్నాడు. ఎవరూ ‘పద’ అనలేదు. ‘ఆగు’ అనడం కూడా ఎవరి పనీ కాలేదు.

మన దగ్గర 2009 సెప్టెంబర్ 2ను మరిచిపోయినవాళ్లు ఉండరు. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లా కార్యక్రమానికి బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురు చనిపోయారు. అది చిన్న స్పోర్ట్ విమానం కాదు, రెండు ఇంజన్ల బెల్ 430. ఆ రోజు నల్లమల మీద దట్టమైన మబ్బు, వాన. విచారణలో యంత్రం హెచ్చరిక సంగతీ, కిందికి తోసే బలమైన గాలి సంగతీ రెండూ వచ్చాయి. వాటి మీద నేను తీర్పు చెప్పను. ఒక్కటే అంటాను. అంత పెద్ద యంత్రం, ఇద్దరు పైలట్లు ఉన్నప్పుడే మౌసం అలా చేసింది. 600 కిలోల విమానంలో ఒంటరిగా కూర్చున్న ఇరవై ఏళ్ల పిల్లవాడికి మనం ఇవ్వాల్సిన మొదటి హక్కు, వెనక్కి తిరిగే హక్కు.

ఆ హక్కు మన ఇళ్లల్లో ఎలా పోతుందో చూశాను. మా ఆపా కొడుకు అమెరికాలో శిక్షణలో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఉండగా వీడియో కాల్ చేశాడు. ఆ రోజు ఒంటరిగా దూరం ఎగరాల్సింది. పొద్దున గాలి బాగా లేదని మానేశానన్నాడు. వాళ్ల ఖాలూ నవ్వుతూనే, ‘ఇంత ఫీజు కట్టింది గదిలో కూర్చోడానికా బేటా? ఆ కాస్త గాలికే?’ అన్నారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ తర్వాత వాడి మాట తగ్గిపోయింది. మా ఆపా ఒక్కతే ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లి, ‘బహుత్ అచ్ఛా కియా. ఈ నెల కాకపోతే వచ్చే నెల’ అంది. ఖాలూ చెడ్డవారు కాదు. ఆ ఫీజులో ఆయన చెమట కూడా ఉంది. కానీ అటువంటి మజాక్ పిల్లవాడితో పాటు విమానంలోకి ఎక్కుతుంది. మరోసారి గాలి అనుమానంగా ఉన్నప్పుడు వాడి చెవిలో రాడార్ బొమ్మ కంటే గట్టిగా అదే వినిపిస్తుంది.

ఈ ఒత్తిడికి అమెరికా విమానయాన శాఖ వాళ్లు తమ చెక్‌లిస్టులోనే జాగా ఇచ్చారు. ‘పేవ్’ అంటారు దాన్ని. నాలుగు అక్షరాలు, నాలుగు ప్రశ్నలు. పైలట్ ఎలా ఉన్నాడు? విమానం ఎలా ఉంది? మౌసం, చుట్టుపక్కల నేల ఎలా ఉన్నాయి? నాలుగోది, బయటి నుంచి ఏ ఒత్తిడి ఉంది? షాదీకి చేరాలి, ఈద్‌కి ఇంట్లో ఉండాలి, దోస్తులకు మాటిచ్చాను, డబ్బు కట్టాను. ఆ నాలుగో గడిలో మన పేర్లే ఉన్నాయి. మొదటి మూడు పైలట్ సరిచేసుకుంటాడు. నాలుగోది సరిచేయడం మన జిమ్మేదారీ.

ఏం చేయాలి? నాకు తోచినవి చెబుతాను.

ఎగిరే పిల్లలు తమ హద్దులు కాగితం మీద అంకెల్లో రాసుకోవాలి. పక్కగాలి ఇన్ని నాట్లు దాటితే వద్దు. చూపు ఇన్ని కిలోమీటర్ల కంటే తగ్గితే వద్దు. మబ్బు ఇన్ని అడుగుల కంటే దిగితే వద్దు. ఎండ ఇంత ఉంటే ఇద్దరితో వద్దు. ఈ అంకెలు ఉస్తాద్‌తో మష్వరా చేసి, ముందు రోజు ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని రాయాలి. రన్‌వే పక్కన, ఇంజను వేడెక్కాక, దోస్తు సీట్లో కూర్చున్నాక రాస్తే అవి హద్దులు కావు, బేరాలు. తజుర్బా పెరిగితే హద్దులు పెంచుకోవచ్చు, అదీ ఉస్తాద్ పక్కన ఉన్నప్పుడు పరీక్షించుకున్నాకే.

ఆ కాగితం కాపీ ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి. అమ్మీ అయినా సరే, బీవీ అయినా సరే. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ‘నీ అంకెలు ఏమంటున్నాయి బేటా?’ అని అడిగితే చాలు. ‘ఎప్పుడు చేరతావ్?’ అనే ప్రశ్న కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

చిన్న విమానంలో షాదీకో, పండక్కో వస్తానన్న పిల్లలకు రెండో దారి కూడా ముందే ఏర్పాటు చేయాలి. బస్సు టికెట్టో, కారో, పక్క ఊళ్లో రాత్రి ఉండే చోటో. వెనక్కి తిరిగితే ఇబ్బంది లేదని తెలిసినవాడు తొందరగా వెనక్కి తిరుగుతాడు.

ఇక సరదాకి పారామోటార్, మైక్రోలైట్ ఎక్కే కుటుంబాలు. డబ్బు ఇచ్చే ముందు నడిపేవాణ్ని రెండు ప్రశ్నలు అడగండి. ‘గాలి ఎంత దాటితే మీరు ఎగరరు?’ అన్నది మొదటిది. వెంటనే ఒక అంకె చెప్పాడంటే అతనికి హద్దు ఉంది. ‘అరే, ఏం కాదు సాబ్’ అని నవ్వాడంటే పిల్లల్ని తీసుకుని ఐస్‌క్రీమ్ బండి దగ్గరికి వెళ్లిపోండి. రెండోది, ‘మౌసం బాగాలేక ఆపేస్తే పైసలు వాపస్ ఇస్తారా?’ అని. ఇవ్వనివాడికి ఆపడానికి కారణం ఉండదు. మనం కూడా క్యూలో నిలబడి ‘ఇంత దూరం వచ్చాం, ఒక్క రౌండు’ అని జిద్దు చేయకూడదు. ఆ ఒక్క రౌండు కోసం అతని రోజీ మీద మనం ఒత్తిడి పెడుతున్నాం.

ఇంత భయపెడితే మన పిల్లలు ఇక ఎప్పుడు ఎగురుతారు అని కొందరు అడుగుతారు. సవాల్ సబబే. మన ఇళ్లల్లో చదువుకీ, ఉద్యోగానికీ, ముఖ్యంగా ఆడపిల్లలకు, ‘వద్దు’ అన్న మాట ఇప్పటికే ఎక్కువ. దానికి ఇంకో ‘వద్దు’ కలపాలని నా ఉద్దేశం కాదు. ‘ఎప్పటికీ వద్దు’ వేరు, ‘ఇవాళ వద్దు’ వేరు. మొదటిది తలుపు మూస్తుంది. రెండోది రేపటికి తెరిచి ఉంచుతుంది. అంకెలు తెలిసిన అమ్మాయి, ‘గాలి నా హద్దుకు సగమే ఉంది, వెళ్తున్నా’ అని నిబ్బరంగా చెప్పగలదు. అప్పుడు అబ్బాజాన్ భయం కూడా అంకెల ముందు తగ్గాలి. లెక్క రెండు వైపులా పనిచేస్తుంది.

మన సమాజంలో వెనక్కి తిరగడాన్ని ఓటమి కింద లెక్కేస్తారు. మొదలుపెట్టి ఆపినవాడికి తానాలు తప్పవు. వ్యాపారంలోనో, చదువులోనో ఆ తానా మనసుకు తగిలి ఊరుకుంటుంది. ఇక్కడ ప్రాణానికి తగులుతుంది. అందుకే కనీసం ఈ ఒక్క విషయంలో మన ఇళ్ల రివాజ్ మార్చుకుందాం. సర్టిఫికెట్ వచ్చిన రోజు మిఠాయి పంచుతాం కదా. మొదటిసారి మౌసం చూసి సొంతంగా మానేసిన రోజు కూడా పంచండి. ఆ రోజే ఆ పిల్లవాడు పైలట్ అయ్యాడు.

ఈసారి ఫోన్‌లో ‘ఇవాళ ఎగరలేదు’ అన్న మాట వినిపిస్తే కారణం అడగకముందే షాబాష్ అనండి. తర్వాత కారణం అడగండి. వాడు గాలి, మబ్బు, నాట్లు అని ఏదో చెబుతాడు. సగం అర్థం కాదు. అయినా ఓపిగ్గా వినండి.